కోడిగారి కాళ్లు పట్టుకున్న వైనం

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ప్రమోషన్ కోసం కూడా ఎవరి కాళ్లూ పట్టుకోలేదని మా ఆవిడ దగ్గర గొప్పలు చెప్పుకుంటూ వచ్చాను. ఆ గొప్ప మొన్న ఆదివారంతో సరి. పొద్దున్న పది గంటలకి, మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, ఎదురింటివాళ్ల బాత్రూంలో, ఒక కోడి కాళ్లు పట్టుకున్నాను. రెండూ.

"అన్నయ్యగారూ, ఒక్క ఐదు నిమిషాలు రండి, మావారొక్కరి వల్లా కావడం లేదు" అని ఎదురింటావిడ తలుపు కొడితే గ్యాస్ సిలిండరేమో అనుకుని లుంగీ సర్దుకుని వెళ్లాను. తీరా చూస్తే స్నోయీకి తలంటు.

స్నోయీ అంటే తెల్ల లెగ్‌హార్న్ పెట్ట, ఫారం కోడి. గుడ్లు తగ్గాయని బంధువుల ఫారంలో తీసేస్తుంటే, కత్తికి ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నారు. మంచి పనే, కాదనను. ఆ బోనుల్లో ఒక్కో కోడికి దక్కే జాగా జిరాక్సు కాగితమంత కూడా ఉండదు. ఇక్కడ దానికి బాల్కనీ ఉంది, దిండు ఉంది, ఇంగ్లీషు పేరుంది. ఇన్ని ఇచ్చాక స్నానం ఇవ్వకపోతే ఏం బాగుంటుంది?

మూడు టబ్బులు. మొదటి దాంట్లో గోరువెచ్చని నీళ్లు, చంటిపిల్లల షాంపూ. రెండో దాంట్లో నీళ్లలో కలిపిన వెనిగర్. మూడో దాంట్లో మంచినీళ్లు. మా బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతుకుతున్న ఏప్రిల్ నెలలో, నేను రెండు చెంబులతో కాకిస్నానం చేసి వచ్చాను చూడండి, కోడికి మూడు టబ్బులు. మూడెందుకండీ అని అడిగాను. "అమెరికాలో ఇలాగే చేయిస్తారండీ" అన్నారాయన, గర్భగుడిలో మాట్లాడినంత మెల్లగా.

చేయిస్తారు, నిజమే. అక్కడ కోళ్లకు అందాల పోటీలున్నాయి. బోస్టన్‌లో 1849లోనే మొదలుపెట్టారు. 1873లో సంఘం పెట్టుకుని, ఏ జాతి కోడికి ఎలాంటి జుట్టుండాలో, ఈక ఏ రంగులో ఉండాలో పుస్తకం కూడా వేశారు. తెల్లకోడి మీద మరక కనబడితే మార్కులు పోతాయి కాబట్టి పోటీకి ముందు కడుగుతారు. మరి మా స్నోయీ ఏ పోటీకి వెళ్తోంది? మా మూడు బ్లాకులకీ కలిపి కోడి అదొక్కటే. పోటీ పెట్టినా మొదటి బహుమతీ దానికే, ఆఖరి బహుమతీ దానికే.

ఇక కార్యక్రమం. నాలుగో క్లాసు చదివే వాళ్లబ్బాయి థర్మామీటర్ పట్టుకుని "ముప్పైతొమ్మిది డాడీ!" అని కేక. "ఒక్క డిగ్రీ తగ్గించు!" అని డాడీ. ఆవిడ ఒక చేత్తో మగ్గు, ఇంకో చేత్తో ఫోను. నేను కాళ్లు. స్నోయీ ముందు రెక్కలు విదిల్చింది. నా కళ్లద్దాల మీద నురగ. తర్వాత నా లుంగీ మీద తన అభిప్రాయం వేసింది. "అయ్యో, మళ్లీ మొదటి టబ్బు నుంచి!" అన్నారాయన. లుంగీకి ఏ టబ్బో ఎవరూ చెప్పలేదు. రెండో విడతలో కోడి పూర్తిగా తడిసింది. తెల్లటి ఠీవి అంతా ఈకలదేనని అప్పుడు తెలిసింది. లోపల ఉన్నది గుప్పెడు. డిపాజిట్ పోయిన మాజీ కార్పొరేటర్‌లా మెడ చాపి అందరి వైపూ చూసింది.

మూడో టబ్బులో కళ్లు మూసేసింది. "చూడండి, ఎంత ఎంజాయ్ చేస్తోందో!" అని ఆవిడ రికార్డింగ్ నొక్కింది. వెచ్చటి నీళ్లలో కునికే కోళ్లుంటాయట, ఉండొచ్చు. కానీ గద్ద కాళ్లలో చిక్కినా కోడి ఇలాగే బిగుసుకుపోతుంది. చచ్చినట్టు పడుంటే వదిలేస్తుందేమోనని దాని ఆశ. ఆ గద్ద కాళ్లు ఆ పూట నా చేతులన్నమాట.

మా నాయనమ్మ కోడిని నీళ్లలో ముంచడం ఒకే ఒక్క సందర్భంలో చూశాను. పొదుగుకొచ్చిన పెట్ట గంప కింద గుడ్లు లేకపోయినా లేవనని మొండికేస్తే, దాని ఒంటి వేడి దించడానికి తొట్లో ఒక ముంచు ముంచేది. అంటే మా ఊళ్లో నీళ్లనేవి కోడికి శిక్ష. స్నానం సంగతి కోడే చూసుకునేది, పొయ్యి బూడిదలో, ఎండుమట్టిలో. ఆ దుమ్ము పాత జిడ్డుని పీల్చేస్తుంది, పేలని నిలవనివ్వదు. తోక మొదట్లో ఉన్న నూనె తిత్తి నుంచి ముక్కుతో కాస్త నూనె తీసి ఈకలకు పట్టిస్తుంది. తలంటు, నలుగు, నూనె అన్నీ దాని దగ్గరే ఉన్నాయి. మనం షాంపూ పెట్టి ఆ నూనె కాస్తా కడిగేసి, మెరుపు తగ్గిందేంటని కంగారు పడతాం.

కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నానంటారేమో. తప్పని రోజులుంటాయి. రెట్ట వెనక అట్టకట్టుకుపోతే ఈగలు వాలి పురుగు పడుతుంది. అప్పుడు కడగాల్సిందే, ఆ వెనక భాగం వరకే. తల ముంచకూడదు. రొమ్ము గట్టిగా నొక్కకూడదు. ఊపిరాడాలంటే దానికి ఆ రొమ్ము ఎముక కదలాలి, బిగించి పట్టుకుంటే చేతుల్లోనే పోతుంది. తర్వాత అడుగు ఈకతో సహా పొడిగా ఆరేదాకా గాలిలోకి వదలకూడదు. ఈ మాత్రానికి ఒక టబ్బు చాలు, ఎదురింటివాడు అక్కర్లేదు.

డ్రయ్యర్ మోత మొదలవగానే స్నోయీ ఎగిరి, నా భుజం మీదుగా, తెరిచి ఉన్న తలుపులోంచి మెట్లెక్కడికి దారి తీస్తే అక్కడికి పరుగెత్తింది. నలుగురం వెనకాల. సెల్లార్‌లో జనరేటర్ వెనక వాచ్‌మన్ కుటుంబం కట్టెల పొయ్యి, దాని పక్కన బూడిద కుప్ప. మేం చేరేసరికి అందులో పక్కకి ఒరిగి, ఒక కాలు చాపి, రెక్కతో బూడిద వీపు మీదికి ఎత్తి పోసుకుంటోంది. తెల్లకోడి బూడిద రంగు కోడి అయింది. వాచ్‌మన్ భార్య గిన్నెలు తోముతూ తలెత్తి, "గిప్పుడు జేస్తుంది సారూ, అసలు తానం" అంది.

ఇక్కడితో ఆపేసి నవ్వుకుని ఉంటే బాగుండేది.

స్నోయీకి తమ్ముళ్లుంటారు. ఆ సంగతి ఎవరూ ఆలోచించరు. హేచరీలో పిల్ల బయటికొచ్చిన రోజే ఆడా మగా వేరుచేస్తారు. ఆడవి ఫారానికి. మగవి గుడ్డు పెట్టవు, బ్రాయిలర్‌లా కండా పట్టవు, కాబట్టి దండగ. ఆ రోజే చంపేస్తారు. జర్మనీ 2022 నుంచి ఈ చంపడాన్ని చట్టంతో ఆపింది. మన దగ్గర చంపగా మిగిలినవాటికి రంగేస్తారు. గులాబీ, పచ్చ, నారింజ. అట్టపెట్టెలో బడి గేటు దగ్గరికి చేరతాయి. ఒకటి ఇరవై రూపాయలు.

కొనేది పిల్లాడు కాదు. జేబులోంచి ఇరవై తీసేది నలభయ్యేళ్లవాడు, ఐస్‌క్రీం అయితే యాభై అవుతుందని లెక్కేసుకున్నవాడు. గులాబీ రంగు కోడి లోకంలో లేదని వాడికి తెలీదా? నాలుగు రోజుల్లో పోతుందని తెలీదా? తెలుసు! పోతుందని తెలిసే కొంటాడు, పెంచే బాధ ఉండదని. ప్రాణానికి బొమ్మ ధర కట్టి, బొమ్మకిచ్చే పూచీ కూడా ఇవ్వకుండా పసివాడి చేతిలో పెడతాడు. చచ్చాక "ఇంకోటి కొంటాలేరా" అంటాడు. సిగ్గుండాలి. నాకూ ఉండాలి, ఆ గేటు ముందు నుంచే రోజూ కూరలకి వెళ్తాను.

స్నోయీకి తోడుగా మంగళవారం ఎదురింటాయన గులాబీది ఒకటి తెచ్చారు. వారం వయసుంటుందేమో. ఆ ఈడు పిల్లకి చుట్టూ ముప్పైనాలుగు, ముప్పైఐదు డిగ్రీల వెచ్చదనం ఉండాలి, తల్లి రెక్క కింద ఉన్నంత. తనంతట తాను ఒళ్లు వెచ్చబెట్టుకోవడం దానికింకా రాదు.

బుధవారం సాయంత్రం బెల్లు మోగితే వాళ్లబ్బాయి, చేతుల్లో చిన్న టవల్. మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక తనొక్కడే చేయించాడట, స్నోయీలా తెల్లగా అవుతుందని. తర్వాత ఏసీ గదిలో ఆరబెట్టాడట.

"మూడు మగ్గులూ పెట్టానంకుల్. థర్మామీటర్‌తో చూశాను, కరెక్టుగా ముప్పైఎనిమిది. మీరు లేరని కాళ్లు కూడా నేనే పట్టుకున్నా."

టవల్ విప్పాను. రంగు మాత్రం కొంచెం కూడా పోలేదు.