80 డిగ్రీల పరిశుద్ధత

మద్యం ముట్టని క్రైస్తవ సంఘాలన్నిటికీ ఒక మనవి. పాపాన్ని ఎదుర్కోవడానికి మన దగ్గర వాక్యం ఉంది, ఉపవాస ప్రార్థన ఉంది, ఊరంతా వినపడే మైకు ఉంది. ప్రభురాత్రి భోజనంలో వైన్‌కు బదులు మనం పోసే ద్రాక్షరసం పులిసిపోకుండా ఎదుర్కోవడానికి మాత్రం థర్మామీటరు లేదు. ఈ లోటు తక్షణం తీరాలి.

ఎందుకంటే రసాన్ని పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్టుకు సిద్ధాంతాలు పట్టవు. అది పండు తొక్క మీద, గంప మీద, పిండే చేతుల మీద ఉంటుంది. చక్కెర దొరికితే చాలు, ఇది బాప్టిస్టు రసమా, లూథరన్ రసమా అని అడగదు. లీటరులో 17 గ్రాముల చక్కెర తిన్నదంటే దాదాపు ఒక శాతం ఆల్కహాల్ ఇచ్చేస్తుంది. మన బజారు నల్లద్రాక్ష రసంలో లీటరుకు 160 గ్రాములైనా చక్కెర ఉంటుంది. శుక్రవారం సాయంత్రం పిండి గుంటూరు ఎండల్లో గట్టు మీద వదిలేస్తే ఆదివారం ఆరాధనకల్లా నురగ కడుతుంది. అలాగే వదిలేస్తే బీరును దాటి తొమ్మిది శాతం దాకా పోతుంది. పెద్దల కమిటీ తీర్మానాలకు అది లొంగదు.

దాన్ని లొంగదీసింది ఒక పళ్ల డాక్టరు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం వైన్‌ల్యాండ్‌లో ఉండే థామస్ వెల్చ్ అనే మెథడిస్టు, 1869లో ద్రాక్షరసం సీసాలను మరిగే నీళ్లలో ఉంచి ఈస్టును చంపాడు. 'పులియని వైన్' అని పేరు పెట్టి చర్చిలకు అమ్మబోతే మొదట్లో కొన్నవాళ్లు తక్కువే. తర్వాత ఆ దేశంలో మద్యవ్యతిరేక గాలి బలంగా వీచింది. నెల్లూరు, ఒంగోలు వైపు సంఘాలు కట్టింది అమెరికన్ బాప్టిస్టులే కాబట్టి ఆ గాలి మనకూ తగిలింది.

జ్యూసు అలవాటు అక్కడినుంచి వచ్చిందని ఒప్పుకుంటే చిన్నతనం. అందుకని వెల్చ్‌గారి పొయ్యిని మనం కొత్త నిబంధనలోకి మోసుకెళ్లాం. యూదయలో ద్రాక్షకోత ఎండాకాలం చివర, ప్రభురాత్రి భోజనం జరిగిన పస్కా పండగ వసంతకాలంలో. మధ్యలో ఆరు నెలలకు పైగా ఈస్టు ఉపవాసం పట్టిందని మన విశ్వాసం. యేసు నీళ్లను ద్రాక్షరసం చేసిన కానా పెళ్లిలో ఆరు రాతిబానలు, ఒక్కొక్కటి రెండేసి మూడేసి తూములు. నేటి కొలతలో మొత్తం సుమారు 470 నుంచి 700 లీటర్లు. ఎక్సైజు వాళ్ల లెక్కలో తక్కువలో తక్కువ 620 ఫుల్ బాటిళ్లు. అంతా జ్యూసే అంటాం. జనం మత్తులో ఉన్నప్పుడు జబ్బురసం, అంటే నాసిరకం, పోయడం లోకం తీరు అని విందు ప్రధాని అన్నాడే, ఆ వచనం వచ్చేసరికి ప్రసంగానికి సమయం అయిపోతుంది. కొరింథువాళ్లు ప్రభురాత్రి భోజనం దగ్గరే మత్తెక్కి కూర్చుంటే పౌలు వాళ్లను కడిగేశాడు. లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టి సిగ్గుపరుస్తారా అన్నాడు కానీ జ్యూసుకు మారమనలేదు. పాపం ఆయన డేరాలు కుట్టేవాడు, పళ్ల డాక్టరు కాదు.

కతోలికుల తలనొప్పి వేరు. వాళ్ల చర్చి చట్టం (కానన్ లా) 924వ సూత్రం ప్రకారం పూజలో వాడేది ద్రాక్షపండు నుంచి వచ్చిన సహజమైన, చెడిపోని వైన్ కావాలి. అందులో కాసిని నీళ్లు. మద్యవ్యసనంతో బాధపడే ఫాదర్‌గారికి పైఅధికారి అనుమతితో 'ముస్టుమ్' ఇస్తారు, అంటే పులియడం ఆపేసిన ద్రాక్షరసం. మన దగ్గర వైన్‌కు అనుమతి దొరకదు, వాళ్ల దగ్గర జ్యూసుకు అనుమతి అడగాలి.

డిసెంబరు మినహాయింపు మాసం. క్రిస్మస్ కేకులో వేసే ఎండుపళ్లు నానేది రమ్ములో, అది 42.8 శాతం. ఓవెన్‌లో గంటసేపు కాలినా పోసినదాంట్లో పావు వంతు ఆల్కహాల్ మిగులుతుంది. కాలాక పైన చెంచాలతో పోసేది ఎటూ పోదు. అయితే వాక్యం హెచ్చరించింది తాగేవాళ్లను, కేకు మనం నములుతున్నాం.

ఇక విధానం. 200 మంది సంఘానికి చిన్న కప్పుకు 10 మిల్లీలీటర్ల చొప్పున 2 లీటర్లు కావాలి, అంటే దాదాపు 3 కిలోల ద్రాక్ష. స్టీలు గిన్నె వాడాలి. అల్యూమినియంను పులుపు తినేస్తుంది, రసం రుచి మారుతుంది. మిక్సీలో వేస్తే గింజలు చితికి చేదెక్కుతుంది, చేత్తో నలపండి. గుడ్డలో వడకట్టి 80 నుంచి 85 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచండి. తెర్లనిస్తే జామ్ వాసన కొడుతుంది. ఉడకబెట్టిన సీసాల్లో వేడిగానే మూతిదాకా పోసి, మూత బిగించి, కాసేపు తలకిందులుగా పెట్టండి. మూత కింద దాక్కున్న ఈస్టు కూడా చావాలి. చాలాచోట్ల చెడగొట్టేది ఇక్కడే: చల్లారాక తీరిగ్గా పోస్తారు, గాలిలోది మళ్లీ దిగుతుంది.

తెరిచిన సీసా ఫ్రిజ్‌లో వారానికి మించి ఉంచకూడదు. మనమేమో మొదటి ఆదివారం మిగిలింది వచ్చే నెల మొదటి ఆదివారానికి దాస్తాం. ఈలోగా కరెంటు పోయినప్పుడల్లా లోపల ఈస్టుకు ఉజ్జీవ కూటమే. మూత తిప్పగానే బుస్సుమందా, ఆ సీసాను బల్ల మీదికి తేకండి. గుట్టుగా పాస్టరమ్మగారికి అందించండి, ఎండుపళ్లు నానబెట్టడానికి రమ్ము ఖర్చు తగ్గుతుంది.