కందిరీగల కన్నంలో పెట్రోలు పోయమనే చిట్కాను నమ్మకండి

“పెరట్లో నేల కన్నంలో కందిరీగలు చేరాయా? ఎవర్నీ పిలవక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం సగం ఈగలు బయటికి పోయి ఉంటాయి, అప్పుడు వెళ్లండి. ముందు పొగబెట్టి మత్తెక్కించండి. కన్నంలో లీటరు పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీయండి. వెంటనే బండరాయితో మూసేయండి. ఊరికే వదిలేస్తే గూడు ఏటేటా పెరిగి స్థలమంతా ఆక్రమిస్తుంది.”

ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతున్న చిట్కా సారాంశం ఇది. పంపేవాళ్లు నలుగురికీ మేలు చేద్దామనే పంపుతున్నారు, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ ఇందులోని ప్రతి మాటా మనిషిని గూటి నోటి దగ్గరికే తీసుకెళ్తోంది. ఉన్న ప్రమాదమంతా అక్కడే. ఒక్కో మాటా విడిగా చూద్దాం.

అన్నిటికంటే భయపెట్టేది పెట్రోలు, అగ్గిపుల్ల. పెట్రోలు గడ్డకట్టే చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి పైకి పోదు, నేలనంటి పాకుతుంది. కన్నం దగ్గర వంగి కూర్చుని లీటరు పోసేసరికి మీ కాళ్ల చుట్టూ, చేతిలోని డబ్బా మూతి చుట్టూ ఆవిరి పరుచుకుని ఉంటుంది. పుల్ల గీయగానే ముందు అంటుకునేది అదే. పక్కన ఎండుటాకులు ఉంటే మంట అక్కడితో ఆగదు.

పోనీ మంట లోపలికి వెళ్లి గూటిని కాలుస్తుందా అంటే, అదీ లేదు. మండటానికి గాలి కావాలి, మట్టి లోపల అంత గాలి ఉండదు. పైగా గూడు కన్నానికి సరిగ్గా కింద ఉంటుందన్న నమ్మకం లేదు. చాలాసార్లు ఎలుకలు వదిలేసిన బొరియలోనే కందిరీగలు కాపురం పెడతాయి. దారి వంపు తిరిగి గూడు ఒక పక్కకు ఉండవచ్చు.

“మేం పోశాం, అన్నీ చచ్చాయి” అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అలా చచ్చినప్పుడు చంపింది పెట్రోలు ఆవిరి. అగ్గిపుల్ల చేసిందల్లా మనిషికి ప్రమాదం పెంచడమే. అయితే వెలిగించకుండా పోస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. వద్దు. పెట్రోల్లో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. పోసినదంతా మట్టిలోకి ఇంకి వేళ్లను చంపుతుంది, కిందికి దిగితే భూగర్భ జలంలో కలుస్తుంది. పిల్లలు ఆడుకునే నేల, తాగే నీళ్లు రెండూ మనవేనని మర్చిపోకూడదు.

ఇక మిట్టమధ్యాహ్నం సంగతి. చాలా ఈగలు బయట ఉంటాయన్నది నిజమే, అందుకే అది తప్పు సమయం. బయటికి పోయినవి తిరిగొస్తూనే ఉంటాయి, మీరు కన్నం మీద వంగి ఉంటే మీ వెనక నుంచి వస్తాయి. లోపలున్నవి ఆ వేడికి మంచి చురుకు మీద ఉంటాయి. ఒక్కదాన్ని చేత్తో కొట్టి నలిపితే దాని విషంలోంచి వచ్చే వాసన మిగతావాటికి హెచ్చరికగా పనిచేస్తుంది, గుంపు మీదికి లేస్తుంది. తేనెటీగ కుడితే ముల్లు మన ఒంట్లో ఉండిపోయి అది చచ్చిపోతుంది. కందిరీగ అలా కాదు, అదే ముల్లుతో మళ్లీ మళ్లీ కుడుతుంది.

బాగా చీకటి పడ్డాక గానీ, తెల్లవారుజామున గానీ దాదాపు అన్నీ గూట్లోనే ఉంటాయి, చల్లదనానికి మందకొడిగా ఉంటాయి. అప్పుడు కూడా టార్చి చేత్తో పట్టుకోకూడదు, ఎందుకంటే అవి వెలుతురు మీదికి వస్తాయి. ముందే దూరంగా ఒక పక్కన నేలమీద పెట్టుకుని, మీరు ఆ వెలుగుకు ఎడంగా ఉండాలి.

పొగ గురించి రెండు మాటలు చాలు. పొగ పనిచేసేది తేనెటీగల మీద. పొగ వాటి హెచ్చరిక వాసనను కప్పేస్తుంది, అవి తేనె తాగే పనిలో పడతాయి. ఈ కందిరీగలకు అలా తాగడానికి తేనె నిల్వే ఉండదు. పొగను నమ్ముకుని గూటి ముందు నిలబడితే వాటికి ఎదురుగా నిలబడినట్టే.

బండరాయి కూడా పనిచేయదు. ఇక్కడ ఒక్కసారి ఆ కన్నాన్ని దూరం నుంచి గమనించండి. లోపలికి పోయేవి పోతుంటాయి, బయటికి వచ్చేవి వస్తుంటాయి. బయటికి వచ్చేవాటిలో కొన్ని నోట చిన్న మట్టిబెడ్డ పట్టుకుని ఎగురుతాయి, కాస్త దూరం పోయి జారవిడిచి మళ్లీ పనికి వెళ్తాయి. చెక్కపీచు నమిలి చేసిన బూడిదరంగు కాగితంతో లోపల ఒకదాని కింద ఒకటిగా అరలు కడతాయి. గూడు పెరిగేకొద్దీ చుట్టూ మట్టి తవ్వి బయటికి మోస్తాయి. రోజూ తవ్వడమే పనిగా ఉన్న జీవికి రాయి ఏం అడ్డు? పక్కనుంచి కొత్త దారి తీస్తాయి. ఆ దారి ఎక్కడ తేలుతుందో మీకు తెలియదు, తెలియకుండా దానిమీదే కాలు వేస్తారు.

“ఏటేటా పెరుగుతుంది” అన్న మాటే జనాన్ని తొందరపెడుతోంది. చలికాలం గట్టిగా ఉండే చోట్ల గూటి ఆయుష్షు ఒక్క ఏడాదే. వసంతంలో ఒంటరి రాణి మొదలుపెడుతుంది, వేసవి చివరికి కొన్ని జాతుల్లో వేల ఈగలవుతాయి. చలి రాగానే కొత్తగా జతకట్టిన రాణులు తప్ప మిగతావన్నీ చచ్చిపోతాయి. మరుసటి ఏడు ఆ పాత గూట్లోకి రావు. చలి అంతగా లేని చోట్ల కొన్ని గూళ్లు ఏడాది దాటి బతికే మాట నిజమే. 1945లో న్యూజిలాండ్‌లో కనిపించి తర్వాత విస్తరించిన జర్మన్ కందిరీగ అక్కడ అలాంటి పెద్ద గూళ్లు కడుతుంది. అయినా అన్ని చోట్లా అదే జరుగుతుందని భయపెట్టడం తప్పు. ఎవరూ తిరగని మూలన గూడుంటే చుట్టూ ఏదైనా అడ్డుకట్టి వదిలేయడమూ ఒక పరిష్కారమే. తమ పిల్లల కోసం కందిరీగలు వేటాడేవి గొంగళిపురుగులు, మామూలు ఈగలు. మొక్కలు పెంచేవాళ్లకు అది సాయం.

చిట్కా అసలు చెప్పనే చెప్పని విషయం ఇంకొకటి ఉంది. అది గుంపు గూడేనా? నేలలో చాలా కన్నాలుండి, ఒక్కో కన్నానికి ఒక్కో ఈగే తిరుగుతుంటే అవి ఒంటరి కందిరీగలో, మట్టిలో గూడు పెట్టే తేనెటీగలో అయి ఉంటాయి. గూటిని కాచుకునే గుంపు వాటికి లేదు. చేత్తో పట్టుకుంటేనో తొక్కితేనో తప్ప సాధారణంగా కుట్టవు. వాటి జోలికి పోనక్కర్లేదు. ఒకే కన్నంలోంచి ఎడతెగకుండా రాకపోకలుంటేనే జాగ్రత్తపడాలి.

తీసేయక తప్పని చోట, అంటే నడకదారిలో, గుమ్మం పక్కన, గడ్డి కోసే చోట (మిషన్ అదురుకే అవి పైకి లేస్తాయి), పనిచేసేది పొడిమందు. డెల్టామెత్రిన్, పెర్మెత్రిన్ వంటి పొడులు కందిరీగలకని లేబుల్ మీద రాసి ఉన్నవే వాడాలి. చీకటి పడ్డాక కన్నం నోట్లో చల్లి వెంటనే తప్పుకోవాలి. కన్నం మూయకూడదు, ఈగలు కాళ్లకు అంటించుకుని లోపలికి మోస్తేనే మందు గూటికి చేరుతుంది. ఒకటి రెండు రోజులాగి దూరం నుంచి చూసి, రాకపోకలు పూర్తిగా ఆగాకే మట్టి పూడ్చండి. వేలాడే గూళ్ల కోసం చేసిన స్ప్రే నేల కన్నంలోని వంపు దాటి లోపలికి పోదు. ఇంతకుముందు కందిరీగ కుట్టి ఒళ్లంతా దద్దుర్లో, ఆయాసమో వచ్చినవాళ్లు ఈ పని అస్సలు పెట్టుకోవద్దు, పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి. గూడు గోడలోకో మెట్ల కిందికో పోయినా అంతే.

గుంపు లేస్తే చేతులు విసురుతూ నిలబడకుండా ముఖం కప్పుకుని ఇంట్లోకో కారులోకో పరుగెత్తండి. కుట్టిన చోట సబ్బుతో కడిగి ఐసు పెట్టాలి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా నిమిషం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి, అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ లేకపోయినా ఎక్కువ ఈగలు కుడితే ఆ విషం కండరాలను, కిడ్నీలను దెబ్బతీయగలదు. అలాంటప్పుడు నొప్పి తగ్గిందని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. తర్వాతి రోజుల్లో మూత్రం ముదురు రంగులో వచ్చినా, తగ్గినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.