సంఘీభావానికి తూకపురాళ్లు

సంక్షేమ రాజ్యాన్ని నిలబెట్టేది పన్నులు కావు, ‘మనవాళ్లు’ అన్న భావన అంటారు పండితులు. ముక్కూముఖం తెలియనివాడి ఆసుపత్రి ఖర్చుకి జీతంలో కోత పడినా గొణక్కుండా ఉండాలంటే, వాడు మనవాడే అనిపించాలట. మరి మనవాడెవడో తేల్చేదెలా? ఇంత ముఖ్యమైన పనిని మనసుకు వదిలేయకుండా చట్టాల్లోకి ఎక్కించిన ఘనత డెన్మార్క్‌ది.

ముందు నగల సంగతి. 2016 జనవరి చట్టం ప్రకారం, శరణు కోరి వచ్చినవారి దగ్గర 10,000 క్రోనర్లకు మించి నగదు గానీ విలువైన వస్తువులు గానీ ఉంటే పోలీసులు తీసుకుని వాళ్ల తిండీ బసల ఖర్చుకు జమకట్టుకోవచ్చు. ముసాయిదాలో హద్దు 3,000. లోకం ముక్కున వేలేసుకున్నాక పెంచారు. పెళ్లి ఉంగరం జోలికి మాత్రం పోరు. అంటే ఏది జ్ఞాపకమో ఏది ఆస్తో తేల్చే సున్నితమైన బాధ్యత పోలీసుదన్నమాట. సర్కారు సాయం అడిగే డేన్లకూ (డెన్మార్క్ వాళ్లకూ) ఇదే 10,000 హద్దు కదా అన్నది ప్రభుత్వ వాదన. నిజమే. వాళ్ల పెట్టెలు మాత్రం ఎవరూ విప్పించరు.

అసలు ప్రతిభ దిక్కుల దగ్గర బయటపడుతుంది. అక్కడి గణాంక శాఖ లెక్కలో దేశాలు రెండే రకాలు: పాశ్చాత్యం, పాశ్చాత్యేతరం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పాశ్చాత్యాలు. జపాన్ కాదు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి తప్పుపట్టలేం. ఈ విభజన కాగితం మీదే ఉండిపోతే నవ్వుకుని ఊరుకోవచ్చు. 2018లో అది గుమ్మాల దాకా వచ్చింది. వెయ్యిమందికి తగ్గకుండా ఉండే చౌక అద్దె ఇళ్ల సముదాయం ఉపాధి, నేరాలు, చదువు, ఆదాయం అనే నాలుగు పరీక్షల్లో రెండింట తప్పితే ‘బలహీన ప్రాంతం’. పైగా అక్కడ సగానికి మించి పాశ్చాత్యేతర మూలాలవాళ్లుంటే ‘ఘెట్టో’, అంటే వెలివాడలాంటిది. డెన్మార్క్‌లోనే పుట్టిన పిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు, అమ్మానాన్నలు తప్పు దిక్కున పుట్టారు కనుక. ఏళ్ల తరబడి జాబితాలో మిగిలిపోతే, 2030 నాటికి అక్కడ కుటుంబాలకిచ్చే చౌక ఇళ్లు మొత్తం ఇళ్లలో 40 శాతానికి తగ్గాలి. కలిసిమెలిసి ఉండటం నేర్పాలంటే ముందు ఇల్లు ఖాళీ చేయించాలి మరి. 2021లో ‘ఘెట్టో’ మాట తీసేసి ‘సమాంతర సమాజం’ అని బోర్డు మార్చారు. ‘సగానికి మించి’ అన్న లెక్క అలాగే ఉంది.

ఆ పేటల్లో ఏడాది నిండిన బిడ్డ వారానికి 25 గంటలు శిశు కేంద్రంలో డేనిష్ విలువలు నేర్చుకోవాలి, లేదంటే పిల్లల భత్యం ఆగుతుంది. నిద్రపోయిన సమయం లెక్కలోకి రాదు. కునుకులో ప్రజాస్వామ్యం ఒంటబట్టదని కాబోలు. ఇక కొత్తగా పౌరసత్వం పుచ్చుకునే పెద్దవాళ్లకు, 2019 నుంచి పౌరసత్వ సభలో మున్సిపాలిటీ ప్రతినిధితో తొడుగుల్లేకుండా కరచాలనం తప్పనిసరి. 2020లో కరోనా వల్ల చేతులు కలపొద్దని అదే ప్రభుత్వం చెప్పాల్సి రావడంతో సభలే ఆగిపోయాయి.

2022 మార్చిలో ఉక్రేనియన్ల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. నగల నిబంధన వాళ్లకు వర్తించదు. డమాస్కస్ పరిసరాలు ఇప్పుడు క్షేమమేనంటూ సిరియన్ల నివాస అనుమతులు వెనక్కి తీసుకున్న రాజ్యం కూడా అదే. యుద్ధాన్ని తప్పించుకుని వచ్చినవాళ్లే ఇద్దరూ, మెడలో గొలుసుకీ అంతే బరువు, మరి తేడా ఏమిటి? ఉక్రెయిన్ మా పొరుగు ప్రాంతం అన్నారు పాలకులు. పొరుగే, కాదనం. గణాంక శాఖ పట్టికలో మాత్రం అది ఇంకా జపాన్ సరసనే ఉంది.