ఏడో టేకులో పుట్టిన సానుభూతి

పిల్లల మనసు తూచే తక్కెడ లేదన్న బెంగ తీరింది. నలుగురేసి పిల్లలు ఒక చిన్న సన్నివేశం నటించి, ఫోనులో 2 నిమిషాల వీడియో తీస్తే చాలు, అది చూసి టీచర్లు వాళ్ల గుణాలకు మార్కులు వేసేస్తారు. పలాసలో జీడిపప్పును గుండు, బద్ద, ముక్క, నూక అని ఏరినట్టు, మన సిక్కోలు పిల్లల సానుభూతిని కూడా 4 స్థాయిల్లో ఏరిపెట్టొచ్చు.

ఏరాల్సిన గుణాలు 5: తన్ను తాను ఎరగడం, కోపతాపాలు అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాడి బాధ ఎరగడం, నలుగురితో మసలడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం. పిల్లల భావోద్వేగ నైపుణ్యాల మీద పనిచేసే, 1994లో అమెరికాలో మొదలైన కాసెల్ సంస్థ చేసిన వర్గీకరణ ఇది. కింది సన్నివేశంలోని గుడ్డు సంగతి మాత్రం వాళ్లు రాయలేదు, అది మనం కలుపుకున్నాం.

సన్నివేశం: మధ్యాహ్న భోజనంలో ఒకడి గుడ్డు కింద పడుతుంది, పక్కవాడు తన దాంట్లో సగం ఇస్తాడు. మొదటి టేకులో ఇచ్చేవాడు అలవాటుగా "ఏటిరా, పడిపోనాదేటి? ఇందా, సగం తిను" అంటాడు. ఇది 2వ స్థాయి. ఏడో టేకుకి "మిత్రమా, నీ బాధ నాకు అర్థమైంది" అంటాడు. ఇది 4వ స్థాయి. ఫ్యాను హోరులో ఎవడి మాట వీడియోలో వినబడలేదో వాడికి సానుభూతి లేదని అర్థం. కొత్త ఫోను ఉన్న ఇంటి పిల్ల వీడియో తళతళలాడుతుంది కాబట్టి ఆమెకి అన్ని గుణాలూ ఎక్కువే. ఒక మంచి లక్షణం చూసి మిగతావన్నీ మంచివే అనేసుకునే ఈ జబ్బుని అమెరికా మనస్తత్వవేత్త థోర్న్‌డైక్ 1920లోనే పట్టుకున్నాడు, పాపం అప్పటికి ఎడిటింగ్ యాప్‌లు లేవు. వీడియో వాట్సాప్‌లో నలిగి వచ్చేసరికి ముఖాలు గళ్లుగళ్లుగా ఉంటాయి. హావభావాలకు మార్కులు వేయాల్సింది ఆ గళ్లను చూసే.

సరిగ్గా చేద్దామంటారా? అందరికీ ఒకే ఫోను, కోతల్లేని వీడియో, ఫోను పట్టుకునే వంతు అందరికీ. ఇద్దరు టీచర్లు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా, ఒక్కో గుణానికి ఒక్కోసారి చూసి వేయాలి. రెండు స్థాయుల తేడా వస్తే మళ్లీ చూడాలి. 40 మంది తరగతికి 2 నిమిషాల వీడియోలు 10, గుణాలు 5, ఇద్దరు టీచర్లు: వెరసి 200 నిమిషాలు. మళ్లీ చూడటాలు ఇందులో లేవు, పాఠం చెప్పడం అసలే లేదు.

కోతల్లేని వీడియోతో ఇంకో చిక్కుంది. టేకు టేకుకీ గుడ్డు కావాలి కదా! ఆరో టేకు అయ్యాక గుడ్లు నిండుకుంటాయి. అప్పుడు ఫోను వెనకనుంచి ఒక ఆడపిల్ల గొంతు: "ఇదిగో, నాది తీస్కోండిరా, నాకక్కర్నేదు."

మనిషి ఫ్రేములో లేదు. మార్కుల పట్టీలో గొంతుకి గడి లేదు.