ఒక్క సిస్టం ఫార్మాట్ కొడితే ఆఫీసులో వైరస్ పోదండీ

"ఆఫీసులో ఏదైనా కంప్యూటర్‌కి వైరస్ పడితే కంగారొద్దు, వెంటనే స్విచాఫ్ చేసెయ్యండి, ఆ ఒక్క సిస్టం ఫార్మాట్ కొట్టండి, రెండు యాంటీవైరస్‌లు వెయ్యండి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చెయ్యండి, పని అయిపోయినట్టే" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వినడానికి బానే ఉంది గానీ దాదాపు ప్రతి ముక్కలోనూ తేడా ఉంది.

స్విచాఫ్ సంగతి చూద్దాం. ముందు పీకాల్సింది కరెంటు కాదు, నెట్‌వర్క్ కేబుల్, దాంతోపాటు వైఫై ఆఫ్. ఎందుకంటే మెమరీలో ఉన్నవన్నీ ఆఫ్ చెయ్యగానే పోతాయి. 2017 మే నెలలో వచ్చిన వానాక్రై గుర్తుందా, ఫైళ్ళకి తాళం వేసేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ రకం వైరస్ అది, అప్పట్లో విండోస్ ఎక్స్‌పీ, 7 సిస్టంలలో కొన్నిటికి, రీస్టార్ట్ చెయ్యకుండా ఉంచితే, మెమరీలో మిగిలిపోయిన సంఖ్యల్లోంచి ఆ తాళం తీసే కీని తిరిగి కట్టే టూల్ వచ్చింది, ఆఫ్ చేసినవాళ్ళకి ఆ ఛాన్స్ కూడా లేకపోయింది. నెట్‌వర్క్ నుంచి విడదీయడం అస్సలు కుదరకపోతే అప్పుడు ఆఫ్ చెయ్యండి, అది వేరే విషయం.

ఇక అసలు గొడవ "ఆ ఒక్క సిస్టం" అన్న మాటతోనే. వైరస్ పడింది ఒక సిస్టంకి కాదు బాబూ, నెట్‌వర్క్‌కి పడిందనుకుని మొదలుపెట్టాలి. 2008లో మొదలైన కాన్‌ఫికర్ వైరస్‌నే తీసుకోండి, అది విండోస్‌లో ఉన్న లోపం పట్టుకుని వచ్చేది, వీక్ పాస్‌వర్డ్‌లు ఊహించి షేర్డ్ ఫోల్డర్ల మీదుగా వచ్చేది, పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే రన్ అయ్యే ఆటోరన్‌తో కూడా వచ్చేది. మూడు దారులున్నప్పుడు ఒక సిస్టం శుభ్రంగా ఫార్మాట్ కొట్టి, అప్‌డేట్లు వెయ్యకుండానే అదే ఆఫీసు నెట్‌వర్క్‌లో మళ్ళీ పెడితే పక్క సిస్టం నుంచి తిరిగొస్తుంది. పైగా చాలామంది సి డ్రైవ్ ఒక్కటే కొడతారు, డి డ్రైవ్‌లో అది హాయిగా కూర్చునే ఉంటుంది. షేర్డ్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి, ఫోల్డర్ల పేర్లు మామూలుగానే ఉంటాయి గానీ ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తుంటే అది ఫోల్డర్ కాదు షార్ట్‌కట్ కావచ్చు, వైరస్ అసలు ఫోల్డర్‌ని హిడెన్ చేసేసి ఉంటుంది, క్లిక్ చేస్తే వైరస్సూ రన్ అవుతుంది ఫోల్డరూ తెరుచుకుంటుంది, అందుకే ఎవరికీ డౌట్ రాదు.

"మా సిస్టంలన్నీ అప్‌డేట్ అయ్యే ఉన్నాయి" అనేవాళ్ళకి జవాబు 2017 జూన్‌లో వచ్చిన నాట్‌పెట్యా వైరస్. అది ఒక మెషీన్ మెమరీలోంచి పాస్‌వర్డ్‌లు లాగి, వాటితో ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) వేసిన మెషీన్లలోకి కూడా దర్జాగా లాగిన్ అయ్యేది. అన్ని సిస్టంలకీ ఒకటే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టుకున్న ఆఫీసులకి (అంటే చాలావరకు అందరికీ) ఇదే పెద్ద బొక్క.

రెండు యాంటీవైరస్‌లా? రియల్‌టైమ్‌లో రెండూ ఒకే ఫైల్ కోసం కొట్టుకుని సిస్టం పాకుతుంది తప్ప ఒరిగేదేం లేదు. దానికంటే విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నయం, మామూలు విండోస్ లోడ్ అవ్వకముందే వెతుకుతుంది కాబట్టి వైరస్ దాక్కోవడం కష్టం.

పాస్‌వర్డ్‌లు మార్చాలి, కరెక్టే. కానీ ఎక్కణ్ణుంచి? వైరస్ ఉన్న సిస్టంలో కూర్చుని మారిస్తే కీలాగర్‌కి (మనం టైప్ చేసేవన్నీ దొంగిలించే ప్రోగ్రామ్‌కి) కొత్తది కూడా మనమే టైప్ చేసి ఇచ్చినట్టు. శుభ్రంగా ఉందని తేలిన సిస్టం నుంచి మార్చండి, రౌటర్ పాస్‌వర్డ్ కూడా మార్చి, అందులో డీఎన్ఎస్ (సైట్ పేరు కొడితే దాని అసలు అడ్రస్ చెప్పే సర్వర్) అడ్రస్‌లు ఎవరైనా మార్చారేమో చూడండి.

బ్యాకప్ ఊసే ఆ మెసేజ్‌లో లేదు, విచిత్రం. ఎప్పుడూ తగిలించి ఉంచే యూఎస్‌బీ డిస్క్ కూడా ర్యాన్సమ్‌వేర్‌కి మరో డ్రైవే, కాపీ అవ్వగానే తీసి పక్కన పెట్టాలి. అన్నీ అయ్యాక కూడా సిస్టంలన్నీ ఒకేసారి కలపకండి, ఒక్కోటీ స్కాన్ చేసి, అప్‌డేట్లు వేసి, ఎస్ఎంబీ వెర్షన్ 1 (విండోస్‌లో ఫైళ్ళు షేర్ చేసుకునే పాత పద్ధతి) ఆపేసి, అప్పుడు నెట్‌వర్క్ స్విచ్‌కి తగిలించండి.