స్క్రిప్ట్‌లో పాస్‌వర్డ్ రాయడం ఇంకెప్పుడు మానేస్తారు?

ఇవాళ మళ్లీ అదే చూశాను. రాత్రిపూట ఫైళ్లు పంపే స్క్రిప్ట్ (కమాండ్లు రాసిపెట్టిన ఫైల్) ఫెయిలైందని తెరిస్తే, పైన్నే యూజర్‌నేమ్, దాని కిందే పాస్‌వర్డ్. పైగా ఫైల్ పర్మిషన్ 777! ఆ సర్వర్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు కూడా. ఒళ్లు మండిపోయింది.

అడిగితే "నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం" అన్నారు. సరే, కమాండ్‌లోనే ఇచ్చేద్దామని ఇంకొకరి సలహా. అలా ఇస్తే, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే పీఎస్ కమాండ్ కొట్టినవాళ్లకి చాలాసార్లు కనిపిస్తుంది, చేత్తో టైప్ చేస్తే షెల్ (కమాండ్లు టైప్ చేసే చోటు) హిస్టరీలోనూ మిగులుతుంది. "గిట్‌లోంచి తీసేశాం కదా" అని మరొకరు. గిట్ అంటేనే కోడ్‌లో ప్రతి మార్పునీ దాచిపెట్టేది, పాత కమిట్‌లో (అప్పుడు సేవ్ చేసిన ప్రతిలో) అది అలాగే ఉంటుంది బాబూ! ఒకసారి గిట్‌లోకి వెళ్లిన పాస్‌వర్డ్‌ని మార్చి తీరాలి.

అన్నిటికంటే మండించింది, ఆ స్క్రిప్ట్ ఫైళ్లు పంపేది మామూలు ఎఫ్‌టీపీతో కావడం. ఫైళ్లు పంపడానికి 1971లో పుట్టిన ప్రోటోకాల్, పాస్‌వర్డ్‌ని ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా, ఉన్నదున్నట్టే పంపుతుంది. ఇలా నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలిస్తున్నారనే 1995లో ఫిన్లాండ్‌లో టాటు ఇలోనెన్, వేరే కంప్యూటర్‌లోకి ఎన్‌క్రిప్షన్‌తో లాగినయ్యే ఎస్ఎస్‌హెచ్ రాశాడు. ఇన్నేళ్లయినా "లోపలి నెట్‌వర్కే కదా, ఏం కాదు" అంటారు. లోపలికి ఎవరూ రారని ఎవరు హామీ ఇచ్చారు?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఎస్ఎస్‌హెచ్ మీదే ఫైళ్లు పంపే ఎస్ఎఫ్‌టీపీకి మారండి, ఈ పనికోసం పాస్‌వర్డ్ బదులు వాడే ఒక కీ (పబ్లిక్, ప్రైవేట్ జంట) చేయండి, దానికి విడిగా ఓ అకౌంట్ ఇవ్వండి. ఆ అకౌంట్ తన ఫోల్డర్ దాటి వెళ్లకుండా, షెల్ దొరకకుండా కట్టేయండి. ప్రైవేట్ కీకి 600 పర్మిషన్, అంటే ఓనర్‌కి తప్ప ఇంకెవరికీ అందకుండా. దాన్ని అందరూ చదివేలా వదిలేస్తే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని వాడనే వాడదు. ఆ ప్రోగ్రామ్‌కున్న పట్టింపు మనుషులకి లేకపోయింది. పాస్‌వర్డ్ తప్పదంటే, పాస్‌వర్డ్‌లని ఎన్‌క్రిప్ట్ చేసి దాచే సీక్రెట్ వాల్ట్‌లో పెట్టండి.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. ఉద్యోగం వదిలి వెళ్లినవాళ్లు పెట్టిన పాస్‌వర్డే ఇంకా నడుస్తోంది. మార్చడానికి అందరికీ భయం, ఏ స్క్రిప్ట్ ఎక్కడ ఆగిపోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి. రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేదు. ఆగిపోతే మాత్రం అర్ధరాత్రి ఫోన్ సర్వర్లు చూసుకునే మాకే వస్తుంది, టెన్షనూ మాకే, తెల్లారి సంజాయిషీ కూడా మేమే ఇవ్వాలి. పాస్‌వర్డ్ రాసినవాళ్లనీ, సరేనని ఓకే చేసినవాళ్లనీ ఒక్క మాట అడిగే నాథుడు లేడు. ముందు వాళ్లని అడగండి, తర్వాత మమ్మల్ని నిద్ర లేపండి.