గ్రామ పంచాయతీ ప్రణాళిక గారికి ఒక రైతు విన్నపం

మహారాజశ్రీ గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక గారి సముఖానికి,

తిరుపతి దగ్గరి చంద్రగిరి పక్క ఊరి రైతు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఈ ఏడు తమరిని ఆసాంతం చదివాను. సీసీ రోడ్డు ఉంది. సైడు కాలువ ఉంది. ఎల్‌ఈడీ బల్బులు ఉన్నాయి. శ్మశానానికి ప్రహరీ కూడా ఉంది. మనిషి పోయాక అంత శ్రద్ధ చూపే తమరు, బతికున్నప్పుడు అతను దున్నిన నేల గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

తమరికి ఎవరూ చెప్పి ఉండరు లెండి. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో పదకొండో షెడ్యూల్ ఒకటి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు అందులో 29. మొదటిది వ్యవసాయం. రెండోది భూమి అభివృద్ధి, నేల సంరక్షణ. మూడోది చిన్న తరహా సాగునీరు, వాననీటిని, మట్టిని నిలిపే వాటర్‌షెడ్‌ పనులు. రోడ్లు పదమూడో నంబరు, కరెంటు పద్నాలుగు. తమరు నేరుగా పదమూడో పేజీ తెరిచినట్టున్నారు.

నిధుల్లేవంటారా? కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం డబ్బుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టారు, నిజమే. మిగతా 40 శాతాన్ని జీతాలకు తప్ప ఆ 29 అంశాల్లో దేనికైనా వాడుకోవచ్చన్నారు. దేనికైనా అంటే మన దగ్గర సిమెంటు రోడ్డే. పోయినేడు వేసిన రోడ్డు మీద ఈ ఏడు రోడ్డు.

2015లో భూసార కార్డులు మొదలయ్యాయి. 12 పరీక్షలు చేసి ఇస్తారు. మా ఎర్ర నేలలో సేంద్రియ కార్బన్ తక్కువని, పశువుల ఎరువు తోలుకోమని నా కార్డు చెప్పింది. పశువులు ఎక్కడివని దాన్ని అడగలేను కదా. ఇలాంటి కార్డులు ఊళ్లో ఇంటింటా బీరువాల్లో ఉన్నాయి. అన్నీ ఒకచోట పెట్టి, ఏ వైపు చేలు సత్తువ కోల్పోయాయో ఊరి పటం మీద గుర్తు పెట్టాలన్న ఆలోచన తమరికి రాలేదు. వస్తే పచ్చిరొట్ట ఎరువు కోసం వేసే జీలుగ, జనుము విత్తనం ఎవరికి ముందు ఇవ్వాలో తేలేది.

ఇక నవంబరు వానలు. కొండవాలు చేలల్లో పైమట్టి వానతో పాటు వంకలో, అంటే వాగులో పడి చెరువు చేరుతుంది. చేను బక్కచిక్కుతుంది, చెరువు పూడుతుంది. వాలుకు అడ్డంగా గట్లు వేస్తే మట్టి చేనులోనే ఆగుతుంది. చేరిన పూడికను ఎండాకాలంలో తిరిగి చేలకు తోలుకుంటే రెండు పనులూ అవుతాయి. మా తాతలు ఎడ్లబండ్లతో చేసిందే ఇది. ఇప్పుడు ఆ మట్టి టిప్పర్లు ఎక్కి వెంచర్లకు పోతోంది.

వెంచర్లంటే గుర్తొచ్చింది. సాగు భూమిని వేరే అవసరాలకు మార్చుకునే చట్టం 2006లో వచ్చాక ఫీజు కట్టి కాగితం తెచ్చుకుంటే పొలం ప్లాట్లు అయ్యేది. తమరికి ఆ సంగతి ఆర్చి కట్టి, రంగు జెండాలు పాతాకే తెలిసేది. గ్రావెల్ కింద పోయిన పైమట్టి అంగుళం మళ్లీ తయారవ్వాలంటే వందల ఏళ్లు పడుతుంది. లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ స్థలం వదలాలన్న నిబంధన ఉంది, సంతోషం. అక్కడ పార్కు పెంచడానికి మట్టి బయటి నుంచి తోలిస్తారు.

ఆ జెండాల కింద వంక ఉంటే మరీ ఇబ్బంది. 2021 నవంబరులో రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్ట ప్రమాదంలో పడి, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ వానలో తిరుపతి వీధులే మునిగాయి. మన వంకలు ఎక్కడ మొదలై ఎక్కడ తేలతాయో తమరి పేజీల్లో ఇప్పటికీ లేదు.

కాబట్టి ఒక్క పేజీ అడుగుతున్నాం. ఊరి పటం, దాని మీద వంకలు, వాలు చేలు, సత్తువ తగ్గిన సర్వే నంబర్లు, ప్లాట్లకు ఇవ్వకూడని మాగాణి. వచ్చే గ్రామసభలో గోడకు అంటించండి చాలు. మైదాపిండి జిగురు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
తమరి పటంలో ఇంకా లేని ఒక సర్వే నంబరు రైతు